కూలర్ గోలీకి నాలుగు హద్దులు

సోమవారం పొద్దున్న బస్సు దిగి కమిటీ ఆఫీసు గేటు దాటగానే హనుమాయమ్మకి వట్టివేళ్ళ వాసన తగిలింది. పన్నెండేళ్ళుగా ఆ గేటు దాటుతోంది గానీ ఫైళ్ళ దుమ్ము, జిగురు, ప్యూను రామ్‌ఫల్ మరిగించే చాయ్ తప్ప అక్కడ ఇంకో వాసన ఎరగదు. తీరా చూస్తే వరండా నిండా కూలర్లకి బిగించే వట్టివేళ్ళ తడకలు గోడకి ఆనించి, తాడు కట్టి ఉన్నాయి. వాటి ముందు నాలుగు రేకు డబ్బాలు. డబ్బాల పక్కన గొంతుక్కూర్చుని మంగత్ రామ్.

ధౌలా కువాన్ అవతల, పటాలం గోడని ఆనుకుని ఉన్న ఆ చిన్న బస్తీలో మంగత్ రామ్‌ని ఎరగని ఇల్లు లేదు. ఏప్రిల్ వచ్చిందంటే సైకిలు మీద తడకలు వేసుకుని క్వార్టర్ల వెంట తిరుగుతాడు. కూలర్ నీళ్ళలో వేసే ఆకుపచ్చ బిళ్ళలు కూడా తెస్తాడు. కర్పూరం బిళ్ళంత ఉంటాయి. ఒకటి వేస్తే వారం రోజులు గదంతా తడిసిన మట్టిలా, వేరులా కమ్మగా ఉంటుంది. హనుమాయమ్మ ఇంట్లో కూలర్‌కి ఎనిమిదేళ్ళుగా తడక కట్టేది అతనే.

"ఏమైంది చాచా? ఇక్కడ కూర్చున్నావేం?"

"మీ కాగితం చదివి పట్టుకున్నారు బహన్‌జీ. చదివించుకుంటే నిజమే, నా సరుకు పేరే ఉంది." అతని గొంతులో కోపం లేదు. కాగితం మీద ఉన్నప్పుడు ఇంకేం చేస్తాం అన్నట్టున్నాడు.

డబ్బాకి కట్టిన అట్టముక్క తిప్పి చూసింది. నెంబరు, తేదీ, దాని కింద హిందీలో ఒక వాక్యం: 'కూలర్ కీ గోలియా', అంటే కూలర్ బిళ్ళలు, అమ్మడం ఈ కమిటీ హద్దుల్లో నిషిద్ధం. ఆ టైపు ఆమెదే. ఆఫీసు ఆర్డర్లు ఇంగ్లీషు నుంచి హిందీలోకి మార్చి కొట్టేది ఆమే. ఆమె మిషన్‌లో 'ష' కొమ్ము విరిగి ఏడాదైంది.

హ్యాండ్‌బ్యాగు భుజాన ఉండగానే ఫైలు తీసి ఇంగ్లీషు మూలం చూసింది. కూలర్ గోలీల పేరుతో అమ్ముతున్న మత్తు మాత్రలు అని ఉంది అందులో. పేరుతో అమ్ముతున్నవి. హిందీలో ఆ ముక్క లేదు. ఎందుకు లేదో కూడా గుర్తొచ్చింది. ఆ రోజు స్టెన్సిల్ మీద ఒక్క లైను ఎక్కువైంది. రెండో స్టెన్సిల్ కావాలంటే స్టోరుకి ఇండెంటు రాయాలి, స్టోరు బాబు లంచ్‌కి వెళ్ళాడు. నాలుగు మాటలు తీసేస్తే పేజీ సరిపోయింది. సరిపోయిందని ముచ్చటపడింది కూడా.

ఆ నాలుగు మాటలూ పోయి, అసలు కూలర్ గోలీ దొంగదైంది. దొంగ గోలీ తప్పించుకుంది.

దొంగ గోలీ ఈ ఎండాకాలమే వచ్చింది. అమ్మాయిలు అద్దెకుండే ఇళ్ళ ఎదుట గుల్షన్ జనరల్ స్టోర్ అని ఒకటుంది. దాని ఓనరు గుల్షన్ చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో పచ్చ బిళ్ళలు పెట్టాడు. పొట్లం మీద 'కూలర్ నీటి కోసం, తినరాదు' అని అచ్చు వేశారు. తినడానికి కొనేవాళ్ళకి తప్ప అవి ఎవరికీ అమ్మడు. ఏ చెట్టుదీ కాదు, ఏ వేరుదీ కాదు. ఎక్కడో ఒక వెనక గదిలో రసాయనాలు కలిపి చేస్తున్నారు. పరీక్షల ముందు పిల్లలు నిద్ర రాకుండా ఉండటానికి మింగడం మొదలుపెట్టారు. ఆ నిద్ర మరి తిరిగి రావడం లేదు.

పదకొండు గంటలకి గుల్షనే వచ్చాడు, తెల్ల కుర్తా వేసుకుని, చేతిలో మిఠాయి డబ్బాతో. టేబులు టేబులుకీ తిరిగి ఒక్కో లడ్డూ పెట్టాడు. అతని పొట్లాల మీద ఇప్పుడు కూలర్ మాట లేదు. 'బాగ్ బహార్' అని కొత్త పేరు. ఆర్డర్‌లో ఆ పేరు లేదని, అతని దగ్గర పట్టుకున్న సరుకు కోర్టు శనివారమే తిరిగి ఇప్పించింది.

"తీసుకోండి హనుమాన్ జీ," అన్నాడు. ఆఫీసులో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. ఆ పేరు వాళ్ళ నోట అంతకన్నా ముందుకి సాగదు. "మీ హిందీ చాలా బాగుంటుందని మా వకీలు గారు మరీ మరీ చెప్పమన్నారు."

హనుమాయమ్మ లడ్డూ కింద ఒక పాత కవరు పెట్టి, టేబులు చివరికి జరిపింది. సాయంత్రానికి దాన్ని చీమలు పట్టాయి.

*

సెక్రటరీ బాత్రా సాహెబ్ మధ్యాహ్నం ముగ్గురినీ పిలిచాడు. హనుమాయమ్మని, హెల్త్ ఆఫీసర్ డాక్టర్ శివరామకృష్ణని, ఇన్‌స్పెక్టర్‌ని.

"శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. కొత్త ఆర్డర్‌లో బాగ్ బహార్ పేరు చేర్చండి. పట్టుకుని వరండాలో పెట్టిన సరుకు శనివారం గ్రౌండులో తగలబెట్టేద్దాం. పేపర్ వాళ్ళని కూడా పిలుద్దాం."

"సార్, ఆ సరుకు..." అంది హనుమాయమ్మ.

"చెప్పండి."

చెప్పలేకపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వంకే చూస్తున్నాడు. "పేరు స్పెల్లింగు కనుక్కుని వేస్తాను సార్," అంది.

బయటికొచ్చాక డాక్టరు గారు తెలుగులోకి దిగారు. ఆయనది వరంగల్. ఆఫీసులో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే కాబట్టి కడుపులోదంతా ఆమె దగ్గరే కక్కుతారు.

"ఏం లాభమమ్మా? మనం బాగ్ బహార్ అని రాస్తం, వాడు ఇంకో పేరు పెడ్తడు. పోనీ మందు పేరు రాద్దామంటే, పోయినసారి ల్యాబోళ్ళు చెప్పిన మందు ఈసారి పొట్లంల లేదు. చిన్న మార్పు చేసిండ్రు, అది వేరే మందైపోయింది. ల్యాబు రిపోర్టు వచ్చేటాళ్ళకు నలభై దినాలు. వాడు మారుస్తనే ఉంటడు, మనం రాస్తనే ఉంటం."

"మరి దాన్ని పట్టుకునేదెలాగండీ?"

"తెలిస్తే నీకు చెప్పనా?"

మంగత్ రామ్ సాయంత్రం దాకా వరండాలోనే ఉన్నాడు. గంటకోసారి లేచి కుళాయి దగ్గర చెంబుతో నీళ్ళు పట్టి తడకల మీద చిలకరించేవాడు.

"స్వాధీనం చేసుకున్న సరుకుకి నీళ్ళెందుకు చాచా?" అని రామ్‌ఫల్ నవ్వాడు.

"ఎండితే విరుగుతాయి భాయ్. తగలబెట్టేదైనా సరే, విరిగిన సరుకు నాది అనిపించుకోను."

హనుమాయమ్మ ఆ మాట విని, విననట్టే గేటు దాటింది.

*

ఇంటికి వచ్చేసరికి కూతురు తేజశ్రీ కూలర్‌లో బకెట్టుతో నీళ్ళు పోస్తోంది. హనుమాయమ్మ భర్త సుబేదార్ వరప్రసాద్ పఠాన్‌కోట్ వెళ్ళిన దగ్గర్నుంచి ఆ పని కూతురిదే. ధౌలా కువాన్ కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది.

"మీ సిమ్రన్ ఎలా ఉందే?"

"బెటర్ హై మమ్మీ. ఆజ్ సోయీ థీ, నాలుగ్గంటలు నిద్రపోయింది." తెలుగులో మొదలెట్టి హిందీలో దిగడం, హిందీలో మొదలెట్టి తెలుగులో తేలడం ఆ పిల్లకి అలవాటు. సిమ్రన్ దాని స్నేహితురాలు. ఆ పచ్చబిళ్ళలు మింగి మూడు రాత్రులు కళ్ళు మూయకుండా కూర్చుని, నాలుగో రోజు గోడ మీద చీమలు పాకుతున్నాయని గోళ్ళతో సున్నం గీకింది. వాళ్ళ నాన్న లూధియానా నుంచి పరిగెత్తుకొచ్చి ఆస్పత్రిలో చేర్చాడు. "కొత్త పేరు తెలుసా? బాగ్ బహార్ కూడా లేదిప్పుడు. ఈరోజు నుంచి 'పరీక్షా మిత్ర'. పసుపురంగు. చౌకోర్."

"నలుచదరమా? శుక్రవారం కమిటీ వేసే పేరు ఇవాళే పాతబడిపోయిందన్న మాట."

"మీ ఆఫీస్ పేర్లతో ఎందుకు ఆడుకుంటుంది మమ్మీ? పేరు మార్చినా అది చేసే పని మారదు కదా."

హనుమాయమ్మ బీరువా తెరిచింది. చెయ్యి ఖాళీగా ఉంటే మంగత్ రామ్ గుర్తొస్తున్నాడు. బీరువాలో చీరల కింద ఉన్న కవరు తీసింది. రేపల్లె నుంచి తమ్ముడు సంతకానికి పంపిన కాగితాలు. ఇంటి పక్క ఖాళీ జాగా బడికి ఇస్తున్నారు. కొత్త కాగితానికి పాత దస్తావేజు నకలు జత చేశాడు. అది నాన్న చేతిరాత. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో చాప వేసుకుని ముప్ఫై ఏళ్ళు జనానికి దస్తావేజులు రాసిన చెయ్యి. అక్షరం అక్షరం ముత్యం పేర్చినట్టు ఉంది.

చెక్కుబంది. తూర్పు: పంచాయతీ బాట. దక్షిణం: పోలిశెట్టి వారి పశువుల కొట్టం. పడమర: పంట కాలువ. ఉత్తరం: మన ఇంటి ప్రహరీ. ఈ నాలుగు హద్దుల మధ్య గల స్థలమున్నూ, అందలి సిద్ధసాధ్య ఆగామి సమస్త హక్కులున్నూ.

నాన్న ఎప్పుడూ పొలం పేరుతో దస్తావేజు మొదలుపెట్టేవాడు కాదు. చింతల చేను అంటాడు ఇవాళ వీడు, రేపు చింతచెట్టు పడిపోతుంది, ఎల్లుండి వీడి మనవడు కొబ్బరితోట అంటాడు. అందుకని పక్కవాళ్ళెవరో రాయి, అది ఎక్కడికీ పోదు అనేవాడు. ఆగామి అంటే ఇంకా పుట్టనిది. రేపు ఆ నేలలో మొలిచే మొక్క కూడా ఆ కాగితానికి లోబడే ఉంటుంది.

హనుమాయమ్మ ఆ పేజీని రెండుసార్లు చదివింది. తర్వాత లేచి కూతురి రఫ్ నోట్సులోంచి ఒక కాగితం చింపింది.

"మమ్మీ, అది నా ప్రాక్టికల్!"

"వెనకవైపు ఖాళీగానే ఉందిలేవే. నువ్వన్న మాటే రాసుకుంటున్నా."

*

మంగళవారం, బుధవారం ఆమె డాక్టరు గారి గదిలోనే కూర్చుంది. ఆయనకి ముందు నవ్వొచ్చింది.

"గోలీకి హద్దులా?"

"అవునండీ. దానికి పక్కవాళ్ళెవరో చెబుదాం. లోపల ఏముందో చెప్పొద్దు."

"నిద్ర రాకుంట చేసేది అని రాద్దామంటవా? చాయ్ గూడ అదే పని చేస్తది కదమ్మా. రేపు రామ్‌ఫల్‌ను పట్టుకపోతరు."

"అందుకే తూర్పున చాయ్ పెడదాం. చాయ్, కాఫీ, పాన్, ఇంట్లో తినేవీ తాగేవీ. వాటి దగ్గర మన గట్టు ఆగిపోతుంది. దక్షిణాన మీరు చీటీ రాసిచ్చే మందులు, లైసెన్సు ఉన్న దుకాణంలోవి. పడమర మద్యం, పొగాకు. వాటికి వేరే చట్టాలున్నాయిగా."

"ఉత్తరం?"

"మనిషి ఒంట్లోకి వెళ్ళనివి. అగరొత్తులు, సెంటు, కూలర్ బిళ్ళలు. నిజంగా నీళ్ళలో వేసేవి."

డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఈ నాలుగింటి నడుమ మిగిలేది, ఒంట్లకు పోయి నిద్రనో, ఆకలినో, తెలివినో మార్చేది. ఏ పేరైతేంది, ఏ రంగైతేంది. ఇవాళ ఉన్నదైనా, రేపు చేసేదైనా." అద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ, "గీ ముక్క నాకు ఇరవై ఏండ్ల సర్వీసుల తట్టలే," అన్నారు. వెంటనే తెల్లకాగితం లాక్కుని ఏ లక్షణాలు చూస్తే సరిపోతుందో, తాను ఒక్క రోజులో ఏం పరీక్ష చేసి చెప్పగలడో వరసగా రాయడం మొదలెట్టారు.

హిందీ పని మాత్రం ఆమెదే. ఈసారి స్టెన్సిల్ మీదికి ఎక్కించకముందే రామ్‌ఫల్‌ని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నేను చదువుతాను. నీకేం అర్థమైందో చెప్పు."

"నేనేం చెబుతాను దీదీ? ఏడో క్లాసు."

"ఏడో క్లాసువాడికి అర్థం కాకే కదా మంగత్ రామ్ వరండాలో కూర్చున్నాడు."

మొదటి లైను చదివింది. ఇలాంటి గోలీల చక్‌బందీ ఈ కింది విధంగా. ఆ మాట వినగానే రామ్‌ఫల్ స్టూలు మీంచి లేచాడు.

"చక్‌బందీ వద్దు దీదీ. చేతులెత్తి చెబుతున్నా. మా ఊళ్ళో చక్‌బందీ అనే కదా మా నాన్న నల్లరేగడి ముక్క పట్టుకుపోయి వాగు అవతల ఉప్పునేల ఇచ్చారు. ఈ కాగితం మీద ఆ మాట కనబడితే బస్తీ మొత్తం కర్రలు పట్టుకుని వస్తుంది."

హనుమాయమ్మకి అయోమయమైంది. "మాకు చెక్కుబంది అంటే హద్దులయ్యా. తూర్పు, పడమర."

"మాకు చక్‌బందీ అంటే నేలలు కలిపి మళ్ళీ పంచడం. మీరనేది చౌహద్దీ."

"చౌహద్దీ," అంది ఆమె. హిందీ ప్రవీణ పరీక్షలో జిల్లాకి రెండోదిగా పాసైంది గానీ ఆ పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా రాలేదు. రామ్‌ఫల్ చేత రెండుసార్లు అనిపించుకుని, తప్పు మాట కొట్టేసి పైన రాసుకుంది. "అమ్మయ్య. నువ్వు లేకపోతే ఈసారి బస్తీని కూడా తగలబెట్టేదాన్ని."

మిగతాది చదువుతుంటే వరండాలోంచి మంగత్ రామ్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఉత్తరపు హద్దు దగ్గర అతను తల ఊపాడు. "ఇది నా ఇల్లు," అన్నాడు. "గట్టు బయట ఉన్నాను."

*

ఒక్క పని మిగిలింది. గురువారం పొద్దున్నే నోట్‌షీటు మిషన్‌లో పెట్టి, రెండు కార్బన్లు దూర్చి, సరిచేసి, నాలుగు వాక్యాలు కొట్టింది. కిందటి ఆర్డర్ హిందీ పాఠంలో నాలుగు మాటలు వదిలేసినది తానే. అందువల్ల మంగత్ రామ్ సరుకు పొరపాటున పట్టుబడింది. అతని తప్పేమీ లేదు. సరుకు తగలబెట్టకుండా తిరిగి ఇప్పించాలని ప్రార్థన. కింద పూర్తి పేరు సంతకం చేసింది, హనుమాన్ కాకుండా.

బాత్రా సాహెబ్ దాన్ని చదివి, మళ్ళీ చదివి, పేపర్‌వెయిట్ కింద పెట్టాడు.

"ఇది ఎవరూ అడగలేదు కదా. శనివారం మంటలో అంతా పోయేది."

"మంగత్ రామ్ కూడా పోయేవాడు సార్."

"ఫైల్లోకి ఎక్కింది కాబట్టి నేనూ ఏదో ఒకటి చెయ్యాలి." ఆయన కొంచెం ఇబ్బందిగానే అన్నాడు. "ట్రాన్స్‌లేషన్ సీటు ప్రస్తుతానికి ఖాళీ చెయ్యండి. డిస్పాచ్‌లో కూర్చోండి. ఇక ఈ డ్రాఫ్టు, ఇది ఆర్డరా, పొలం కాగితమా?"

"రెండూ కాపలా కాసే కాగితాలే సార్."

ఆయన తల అడ్డంగా ఊపాడు. డ్రాఫ్టు మాత్రం పక్కన పడెయ్యకుండా కమిటీ ఫైల్లో పెట్టాడు.

డిస్పాచ్ గది మెట్ల కింద ఉంటుంది. కూలర్ లేదు. హనుమాయమ్మ తన జిగురు సీసా, స్కేలు, కూతురు బహుమతిగా ఇచ్చిన పెన్నుల కప్పు తెచ్చుకుని సర్దుకుంది. సీటు ఖాళీ చేసిన దుఃఖం లోపలెక్కడైనా ఉంటుందేమో అని కాసేపు వెతుక్కుంది. లేదు. నాలుగు రోజుల్లో మొదటిసారి మధ్యాహ్నం పెరుగన్నం రుచి తెలిసింది.

శుక్రవారం కమిటీ గదిలో ఏం జరిగిందో రామ్‌ఫల్ చాయ్ కప్పులతో పాటు మోసుకొచ్చాడు. లీగల్ బాబు ఇలాంటి ఆర్డర్ ఎక్కడా చూడలేదన్నాడట. డాక్టరు గారు లేచి సిమ్రన్ గోడ గీకిన సంగతి చెప్పారట. చివరికి బస్తీ ప్రధాన్, డెబ్బై ఏళ్ళ రైతు, కాగితం అడిగి తీసుకుని లైను లైనుకీ వేలు పెట్టి చదివాడట.

"ఏమన్నాడు?"

"చౌహద్దీ సరిగ్గా ఉంది, ఇక కబ్జా చేసేవాడు ఎక్కడ దూరతాడు అన్నాడు దీదీ. చేతులెత్తారు. మంగత్ చాచా సరుకు కూడా ఇచ్చెయ్యమన్నారు. అయిపోయింది." రామ్‌ఫల్ ఖాళీ కప్పులు బోర్లించాడు. "ఆ మాట నేను చెప్పిందేనని అక్కడ చెప్పాలనిపించింది. ట్రే చేతిలో ఉండిపోయింది."

"రేపు నేను చెబుతాలే."

*

ఆర్డరు కాపీలు అచ్చయి సోమవారం డిస్పాచ్‌కి వచ్చాయి. నియమం ప్రకారం దుకాణదారులకి ఆర్డరు చేతికిచ్చి, పుస్తకంలో సంతకం తీసుకోవాల్సింది డిస్పాచ్ వాళ్ళే. పన్నెండేళ్ళలో హనుమాయమ్మ తాను టైపు చేసిన కాగితం వెనకాల నడిచి వెళ్ళడం అదే మొదలు. రామ్‌ఫల్ జిగురు డబ్బా, బ్రష్షు పట్టుకున్నాడు. ఆమె నెత్తిన కొంగు వేసుకుని డెలివరీ బుక్కు పట్టుకుంది. డాక్టరు గారు, ఇన్‌స్పెక్టర్ వీధి మొదట్లో జీపు నీడలో ఆగారు. కాగితం చేతికి అందాకే వాళ్ళు రావాలి. అందలేదనే సాకు మిగలకూడదు.

గుల్షన్ కౌంటర్ మీద అద్దం తుడుస్తున్నాడు. అద్దం కింద బిస్కట్లు, రిబ్బన్లు, పక్కనే పసుపురంగు పొట్లాలు. పరీక్షా మిత్ర.

"రండి హనుమాన్ జీ. మిమ్మల్ని పోస్టుమాన్‌ని చేశారని విన్నాను. చాలా బాధపడ్డాను."

"నడక ఒంటికి మంచిదే భయ్యా. ఇది చదివి సంతకం పెట్టండి."

అతను కాగితం వెలుతురుకి తిప్పాడు. చూపుడు వేలు మొదటి లైను మీద పెట్టి కిందికి జారుస్తూ పోయాడు. ఆమెకి ఆ వేలు దేని కోసం వెతుకుతోందో తెలుసు. కూలర్ దగ్గర ఒక క్షణం ఆగింది, అది ఉత్తరపు హద్దులో ఉంది, దాటేసింది. కింద దాకా వచ్చి, వెనక తిప్పి ఏమైనా ఉందేమో చూశాడు. ముఖం విప్పారింది.

"బాగ్ బహార్ కూడా లేదే."

"లేదు."

"పరీక్షా మిత్ర లేదు."

"అదీ లేదు."

"అంటే నా సరుకు పేరే లేదు ఇందులో." అతను వెనక్కి తిరిగి, గల్లా దగ్గర కూర్చున్న తమ్ముడికి వినబడేలా నవ్వాడు. "వారం రోజులు కూర్చుని ఇదా రాసింది?"

"పూర్తిగా చదువుకోండి భయ్యా. తొందరేం లేదు. అర్థం కాకపోతే రామ్‌ఫల్ చదివి చెబుతాడు."

"ఎందుకు, చాయ్ కాఫీ గురించి కూడా ఉంది, చాలా బాగుంది." పుస్తకం లాక్కుని, 'చదివి, అర్థం చేసుకుని అందుకున్నాను' అన్న లైను ఎదుట పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు. తేదీ, టైము కూడా ఆమె అడగకుండానే వేశాడు.

హనుమాయమ్మ సంతకం మీద అద్దుడు కాగితం ఒత్తి, పుస్తకం మూసింది. రామ్‌ఫల్ రోడ్డు మీదికి వెళ్ళి భుజం మీద కండువా దులిపాడు. జీపు తలుపులు తెరుచుకున్న చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ పొట్లాలు ఒక్కొక్కటే తీసి లెక్కపెడుతుంటే గుల్షన్ ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. ఈసారి వేలు పెట్టలేదు. పెదవులు కదుపుతూ చదివాడు.

"పేరు లేకుండా ఎలా పడతారు? ఏదీ, నా సరుకు ఎక్కడుంది ఇందులో?"

"మధ్యలో ఉంది భయ్యా," అంది హనుమాయమ్మ. "నాలుగు వైపులా పక్కవాళ్ళని రాశాం. మీరు మధ్యలో ఉన్నారు."

*

ఆ సరుకు ఈసారి కోర్టు తిరిగి ఇవ్వలేదు. గుల్షన్ వకీలు ఆర్డర్‌లో సరుకు పేరు కోసం రెండు వాయిదాలు వెతికి, మూడో వాయిదాకి రాలేదు. బాత్రా సాహెబ్ జూన్ మొదటి వారంలో మెట్ల కిందికి దిగొచ్చి, ట్రాన్స్‌లేషన్ సీటుకి వచ్చెయ్యమన్నాడు.

"వస్తాను సార్. స్టెన్సిల్ కొట్టే ముందు ప్రతి ఆర్డరూ రామ్‌ఫల్‌కి చదివి వినిపిస్తాను. దానికి ఒప్పుకుంటే."

"రామ్‌ఫల్‌కా?"

"చౌహద్దీ మాట అతనిదే సార్."

గుమ్మంలో ట్రే పట్టుకు నిలబడ్డ రామ్‌ఫల్ కప్పులు గలగలమనకుండా గట్టిగా పట్టుకున్నాడు. బాత్రా సాహెబ్ అతని వంక చూసి, కప్పు ఒకటి తీసుకుని, సరే అన్నాడు.

ఆమె సీటు దగ్గరికి వెళ్ళేసరికి కిటికీ కూలర్‌కి మూడువైపులా కొత్త తడకలున్నాయి. మంగత్ రామ్ స్టూలు ఎక్కి చివరి ముడి వేస్తున్నాడు. వరండాలో వారం పాటు నీళ్ళు తాగిన తడకలు అవి, ఒక్క వేరు విరగలేదు. అతను దిగి, జేబులోంచి పచ్చ బిళ్ళ ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"మీరే వెయ్యండి బహన్‌జీ. ఇప్పుడిది గట్టు బయటిది."

హనుమాయమ్మ మూత ఎత్తి బిళ్ళని నీళ్ళలో వేసింది. రామ్‌ఫల్ స్విచ్చు నొక్కాడు. ముందు వేడిగాలి వచ్చింది, తర్వాత తడిగాలి. ఆ తర్వాత గది గదంతా వట్టివేళ్ళ వాసన నిండింది. ఆమె మిషన్‌కి కాగితం ఎక్కించి, విరిగిన 'ష' కొమ్ముని సిరాతో ఎలా దిద్దాలా అని చూస్తూ కూర్చుంది.